తాళం వేసిన కోర్టు

జడ్జి ఆల్ఫియస్ కట్రైట్ పొంగిన వాగులు దాటుకుంటూ, మోకాళ్ళ దాకా బురదతో హాస్కెట్ రేవు చేరడమూ, కోర్టు తలుపుకు తాళం వేలాడుతూ కనిపించడమూ పోయినవారం చూశాం. ఆ తాళం ఎందుకు పడిందో ఊళ్ళో అందరికీ తెలుసు. కోర్టు వెనక దుంగల జైల్లో మైకేజా పెటిఫోర్డ్ అనే నల్లజాతి రైతు ఉన్నాడు. ఇండియానా రాష్ట్రానికి కొత్తగా వచ్చి స్థిరపడే నల్లవాళ్ళు జామీను ఇవ్వాలనీ, ఇవ్వలేనివాణ్ణి ఆరు నెలలు కూలికి వేలం వేయవచ్చుననీ చట్టం ఉంది. మైకేజా ఆ చట్టం పుట్టకముందు నుంచీ ఇక్కడ దున్నుకుంటున్నవాడు. అతనికి అది వర్తించదు. కానీ ఆ మాట ఒక కోర్టు చెప్పాలి. చెప్పకపోతే రేపు పొద్దున్నే వేలం. పాడుకునేది సారా బట్టీ యజమాని టిల్మన్ బాగ్స్ అనీ, అతనికి కావలసింది మైకేజా రెక్కల కష్టం కాదనీ, వాగు ఒడ్డున పిండిమర కట్టడానికి అనువైన అతని నేల అనీ కూడా అందరికీ తెలుసు.

కోర్టు ఆ ఊరికి ఏడాదికి రెండుసార్లే వస్తుంది. మొదటిరోజు పొద్దుగూకేలోగా షెరీఫ్ గుమ్మం ముందు నిలబడి కోర్టు మొదలైందని కేక వేస్తేనే అది తెరుచుకున్నట్టు. వేయకపోతే ఆ విడత పోయినట్టే. మళ్ళీ ఆకులు రాలే కాలానికే.

పొద్దు అప్పటికే నది అవతలి చెట్ల మీదికి దిగుతోంది.

"తాళంచెవి ఏట్లో పడిపోయింది జడ్జిగారూ," అన్నాడు షెరీఫ్ లమ్ హార్గిస్. కోర్టు మెట్ల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. జడ్జిని చూసి లేవలేదు. "పడవ దిగుతుంటే జేబులోంచి జారింది. ఏ చేప మింగిందో ఏమో."

చుట్టూ నవ్వులు లేచాయి. కోర్టు రోజంటే ఆ కౌంటీకి తిరునాళ్ళే. గుర్రాలు మార్చుకునేవాళ్ళు, అల్లం రొట్టెలు అమ్మే ఆడవాళ్ళు, కేసు ఏమీ లేకపోయినా కబుర్ల కోసం బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు, అందరూ మెట్ల ముందు చేరారు.

"తలుపుతో నాకు పనిలేదు లమ్," అన్నాడు ఆల్ఫియస్. "కోర్టు భవనం దగ్గర విచారణ జరగాలంది చట్టం. లోపలే జరగాలనలేదు. ఈ మెట్లు కూడా భవనమే. లేచి కేక వెయ్యి."

లమ్ ముఖంలో నవ్వు కాస్త తగ్గింది. తాళం వేస్తే కోర్టు ఆగిపోతుందనుకున్నాడు పాపం. గుర్రాల కట్టుకొయ్యకు ఆనుకుని నిలబడ్డ టిల్మన్ బాగ్స్ వైపు చూశాడు.

బాగ్స్ సారా కాచేవాడే కాదు, ఆ కోర్టులో సగం జడ్జి కూడా. ఇండియానాలో జడ్జి ఒక్కడే కూర్చోడు. కౌంటీ ఎన్నుకున్న మామూలు మనుషులు ఇద్దరు ఆయనకు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. చట్టం చదవని ఆ ఇద్దరూ ఒక్కటైతే, చదివిన జడ్జి మాట చెల్లదు. ఆ ఇద్దరిలో ఒకడు బాగ్స్. రెండోవాడు ఈనస్ పార్లో, మొక్కజొన్న పండించుకునే రైతు.

"మెట్ల మీద కోర్టా?" అన్నాడు బాగ్స్. "మా ఇంట్లో కోళ్ళకి కూడా నెత్తి మీద కప్పు ఉందండీ."

"మీ కోళ్ళు అదృష్టం చేసుకున్నాయి. లమ్, లే."

లమ్ లేవకుండానే గొంతు పట్టుకుని దగ్గాడు. "జలుబండీ. గొంతు బొత్తిగా పెగలడం లేదు."

"నువ్వు వెయ్యకపోతే ఇంకొకరిచేత వేయిస్తాను."

"ఎవరిచేత వేయిస్తారు? కోర్టు తెరిస్తేనే కదా మీకు మనిషిని పెట్టుకునే అధికారం. కేక పడితేనే కదా కోర్టు తెరిచినట్టు. ఈ చట్టం రాసింది తమరేనట గదా, శాసనసభలో ఉన్నప్పుడు? చాలా బాగా రాశారు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. లమ్ అన్నది నిజమే. జడ్జీలు దారిలో సత్రాల్లో తాగి పడుకుని తీరిగ్గా వస్తుంటే, రైతులు విత్తనాల వేళ పనులు మానుకుని వీధుల్లో పడిగాపులు కాసే రోజులవి. అందుకే ఆల్ఫియస్ పొద్దుగూకేలోగా అన్న నియమం పెట్టించాడు. ఇప్పుడు ఆ ఉచ్చు తన మెడకే పడింది.

అయితే అదే చట్టంలో ఆయన ఇంకో వాక్యం కూడా రాశాడు. షెరీఫ్ తన పని చేయనంటే ఆ పని కరోనర్ చేయాలి. అనుమానం ఉన్న చావులకు పంచనామా చేసే అధికారిని పట్టుకొచ్చి కేక వేయించే అవసరం ఎవరికి వస్తుందని ఎవరూ ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోలేదు. రాసేటప్పుడు ఆయనకు ఎవరి ముఖమూ మనసులో మెదలలేదు. ఇప్పుడు మెదిలింది.

"కరోనర్ ని పిలుచుకొస్తాను," అన్నాడు.

బాగ్స్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"జిమ్రీ నాన్స్ నా? వెళ్ళండి, వెళ్ళి అడగండి జడ్జిగారూ. ఆయనకి మీరంటే ఎంత ప్రేమో!"

* * *

జిమ్రీ నాన్స్ శవపేటికలు చేసే వడ్రంగి. చనిపోయినవాళ్ళను ఎటూ చూడవలసినవాడే గనక కరోనర్ పని కూడా అతని నెత్తిన పెట్టారు. కొట్టం రేవు వీధి చివర ఉంటుంది. ఈ ఊరు వచ్చినప్పుడల్లా ఆల్ఫియస్ ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఆ సాయంత్రం తిన్నగా వెళ్ళాడు.

ముసలాయన పలకకు చిత్రిక పడుతున్నాడు. పలక పొడవు చూస్తే ఆ పెట్టె పెద్దవాళ్ళది కాదని తెలుస్తోంది.

"తలుపు దగ్గరే ఆగు లాయరూ. వెలుతురుకి అడ్డం రాకు."

ఆల్ఫియస్ లాయరు పని వదిలి చాలా ఏళ్ళయింది. శాసనసభకు వెళ్ళాడు, తర్వాత జడ్జి అయ్యాడు. జిమ్రీకి మాత్రం ఆయన ఇంకా లాయరే. కౌంటీ తరఫున నిలబడి, జిమ్రీ కొడుకు ఓరిన్ ను ఉరికంబం ఎక్కించిన లాయరు.

రేవు దగ్గర గొడవలో ఓరిన్ ఒక పడవవాణ్ణి కత్తితో పొడిచాడు. మీసం కూడా సరిగా రాని కుర్రాడని జూరీ ఊగిసలాడింది. ఆ మధ్యాహ్నం ఆల్ఫియస్ మాట్లాడాక వాళ్ళ ఊగిసలాట ఆగిపోయింది. ఆ ప్రసంగాన్ని ఈ చుట్టుపక్కల సత్రాల్లో ఇప్పటికీ మెచ్చుకుంటూ చెప్పుకుంటారు.

"మీతో పనిబడి వచ్చాను జిమ్రీ గారూ."

"తెలుసు. నీ కంటే ముందే కబురొచ్చింది. షెరీఫ్ కి జలుబట."

"కేక మీరు వేయాలి. చట్టప్రకారం మీరే వేయాలి."

"వెయ్యకపోతే?"

"మిమ్మల్ని బలవంతపెట్టే అధికారం నాకు లేదు. కోర్టు తెరిచేదాకా నేనూ దారినపోయేవాణ్ణే."

చిత్రిక ఆగింది. జిమ్రీ మొదటిసారి తలెత్తి చూశాడు.

"దారినపోయేవాడివి," అన్నాడు నెమ్మదిగా. "నీ నోట ఆ మాట వింటాననుకోలేదు."

"మైకేజా ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ ఉన్నాడో మీకు..."

"ఆయన సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు. మా ఓరిన్ ని పూడ్చిన రోజు గొయ్యి తవ్వడానికి పార పట్టుకుని వచ్చింది ఆయనొక్కడే. ఈ ఊళ్ళో మిగతావాళ్ళందరికీ ఆ రోజు జలుబే."

ఆల్ఫియస్ కు ఆ సంగతి తెలియదు. ఉరి మర్నాడే ఆయన తర్వాతి ఊరికి గుర్రమెక్కాడు.

"అయితే రండి," అన్నాడు. "ఎక్కువ పొద్దు లేదు."

"వస్తాను. ఒక్క మాట చెప్పు ముందు." జిమ్రీ పలక మీది పొట్టు అరచేత్తో తుడిచాడు. "ఆ మెట్ల మీద నిలబడి, అందరూ వినేలా, ఓరిన్ నాన్స్ ని ఉరితీయించడం తప్పు అని చెప్పు. చెప్పగానే కేక వేస్తాను. నీకు మాటలకేం కరువు? అప్పుడు పొద్దు వాలేదాకా మాట్లాడావు. ఇప్పుడు ఒక్క ముక్క."

కొట్టంలో పడ్డ వెలుతురు ఎర్రబడుతోంది. ఆల్ఫియస్ తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క ముక్క. లాయరుగా ఉన్న రోజుల్లో నమ్మని మాటలు ఎన్ని చెప్పలేదు? గుర్రాల దొంగల్ని పట్టుకుని పసిబిడ్డలన్నాడు. అవన్నీ వృత్తిలో భాగమని సరిపెట్టుకున్నాడు. ఇంకొక్క ముక్క చెబితే మైకేజా ఈ రాత్రి తన ఇంట్లో పడుకుంటాడు. ఆ ముసలాయన కూడా కాస్త ఊరట పొందుతాడేమో. నోరు తెరిచాడు. పడవవాడి భార్య జ్ఞాపకం వచ్చింది. విచారణ జరిగినన్ని రోజులూ ముందు బెంచీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేది.

"చెప్పలేను," అన్నాడు.

"ఏం? పరువు పోతుందా?"

"పరువు కాదు. అది నిజం కాదు. మీ అబ్బాయి ఆ మనిషిని చంపాడు. అతని చేతిలో పడవ తాడు తప్ప ఏమీ లేదు. ఆ రోజు అదే చెప్పాను. ఈ రోజు ఎవరడిగినా అదే చెబుతాను. అబద్ధంతో తెరిచిన కోర్టు మైకేజాకి ఏం న్యాయం చేస్తుంది జిమ్రీ గారూ?"

"అయితే ఆయన్ని వేలం వెయ్యనిస్తావన్నమాట."

"వెయ్యనివ్వను. రేపు వేలం బల్లకి అడ్డంగా నేనే నిలబడతాను."

"తొక్కేస్తారు నిన్ను."

"తొక్కనివ్వండి."

జిమ్రీ మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడసాగింది. ఆల్ఫియస్ కొద్దిసేపు చూసి, టోపీ పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

* * *

"దొరికాడా మీ కూతగాడు?" అని అడిగాడు లమ్, జలుబు సంగతి మరిచిపోయి.

ఆల్ఫియస్ పై మెట్టు ఎక్కి, తాళానికి వీపు ఆనించి జనానికి ఎదురుగా నిలబడ్డాడు. తనే కేక వేస్తే? చెల్లదు. చెల్లని కోర్టు పెట్టాడని బాగ్స్ రాజధానికి గుర్రం తోలిస్తాడు. అయినా సరే, వెయ్యకుండా ఆ మెట్లు దిగడం తనవల్ల కాదనిపించింది. సూర్యుడి అంచు చెట్లకు తగిలింది.

"ఇంటికి వెళ్ళండి జడ్జిగారూ," అన్నాడు బాగ్స్, ఈసారి ఎగతాళి లేకుండా. "చలి పడుతోంది. మీకు పెద్ద వయసు వచ్చింది."

"నువ్వు వెళ్ళు టిల్మన్. నాకు ఇక్కడ పనుంది."

అప్పుడే గుంపు వెనక ఏదో కదలిక వచ్చింది. జనం పక్కకు జరిగారు. పనిలో కట్టుకునే తోలు గుడ్డ నడుముకు అలాగే ఉంచుకుని, ముంజేతుల మీద చెక్కపొట్టుతో జిమ్రీ నాన్స్ నడిచి వస్తున్నాడు.

"కరోనర్ వచ్చాడంటే ఎవరో చచ్చినట్టే!" అన్నాడు బాగ్స్.

"ఎవరన్నది ఇంకా తేలలేదు టిల్మన్," అన్నాడు జిమ్రీ ఆగకుండా. "నువ్వే అయితే చెప్పు, కొలతలు తీసుకుంటాను. నీకు చెక్క బోలెడు పడుతుంది."

ఆ సాయంత్రం మొదటిసారి నవ్వు బాగ్స్ మీదికి తిరిగింది.

జిమ్రీ మెట్లెక్కి ఆల్ఫియస్ పక్కన నిలబడ్డాడు. ఆయనకు మాత్రమే వినిపించేలా అన్నాడు:

"నా కొడుకు గురించి ఆ రోజు నువ్వు చెప్పిందంతా నమ్మి చెప్పావా, జీతం ఇచ్చారని చెప్పావా అని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు లాయరూ. ఏ పని చేస్తున్నా అదే ఆలోచన. ఇందాక నీకు అంత అవసరం పడి కూడా అబద్ధం ఆడలేదు. అంటే అప్పుడూ నమ్మే చెప్పావు." ఊపిరి పీల్చుకున్నాడు. "అలాగని నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోవడం లేదు."

"సరే."

ఇక జనం వైపు తిరిగాడు. ఆయన గొంతెత్తి మాట్లాడగా ఆ ఊరు విని చాలా కాలమైంది. ఆ గొంతు నది దాకా వెళ్ళింది.

"వినండి! వినండి! వినండి! టాల్మన్ కౌంటీ సర్క్యూట్ కోర్టు తెరుచుకుంది! ఈ కోర్టుతో పనున్నవాళ్ళు ఎవరైనా సరే, దగ్గరికి రండి! మీ మాట కోర్టు వింటుంది!"

లమ్ ఎట్టకేలకు లేచాడు. "ఇది చెల్లదు! కరోనర్ శవాల కోసం!"

"షెరీఫ్ తన విధి నిర్వర్తించడానికి నిరాకరించినప్పుడు ఆ విధిని కరోనర్ నిర్వర్తించవలెను," అని ఆల్ఫియస్ నోటికి చెప్పాడు. "ఇదీ నేను రాసిందే లమ్. బాగా రాశానని నువ్వే మెచ్చుకున్నావు."

ఎవరో ఖాళీ పీపా ఒకటి దొర్లించుకుని వచ్చారు. ఆల్ఫియస్ దాని మీద కూర్చున్నాడు. బాగ్స్ వచ్చి ఎడమ పక్క మెట్టు మీద కూర్చున్నాడు. రాకపోతే ఓటు ఉండదు మరి. ఈనస్ పార్లో గుంపులోంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కుడి పక్కన కూలబడ్డాడు.

"కోర్టు తెరిచారు. సంతోషం," అన్నాడు బాగ్స్. "ఇక మూసేద్దాం. కేసులన్నీ ఆకులు రాలే కాలానికి వాయిదా. నా ఓటు అదీ. నీదేంటి ఈనస్?"

ఈనస్ టోపీని ఒళ్ళో పెట్టుకుని గుండ్రంగా తిప్పుతున్నాడు.

"నీ ఇష్టం. నేనేం బలవంతపెట్టను," అన్నాడు బాగ్స్ మెత్తగా. "పోయినేడు నీ మొక్కజొన్నంతా నేనే కొన్నాను. ఈ ఏడూ కొనాలనే ఉంది."

"ఈనస్," అన్నాడు ఆల్ఫియస్. "మీ పొలానికీ మైకేజా పొలానికీ ఒకటే గట్టు. అతను ఎప్పుడు వచ్చాడో నీకు తెలియదా?"

"గుర్తు లేదండీ," అన్నాడు ఈనస్, టోపీ మీంచి చూపు ఎత్తకుండా.

"నాకు గుర్తుంది."

ఆ గొంతు గుంపు వెనక నుంచి వచ్చింది, నల్లవాళ్ళు బళ్ళ దగ్గర వేరుగా నిలబడే చోటు నుంచి. మైకేజా భార్య కెజయా. శాలువా భుజాల మీద గట్టిగా చుట్టుకుని, ఎవరినీ దారి అడగకుండా నడిచి వచ్చి మెట్ల ముందు ఆగింది.

"పనున్నవాళ్ళు ఎవరైనా రావచ్చన్నారు. వచ్చాను. మా ఆయన ఆ నేల మీద మొదటి చెట్టు కొట్టిన రోజు నుంచీ చెబుతాను. ఎవరు దుంగలు పట్టారో, ఎవరు మా ఇంట్లో రొట్టె తిన్నారో కూడా చెబుతాను." ఆమె ఈనస్ వైపు చూడలేదు. చూడనవసరం లేకపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

బాగ్స్ తొడ మీద చరుచుకున్నాడు. "అదీ చూద్దాం! జడ్జిగారూ, తెల్లవాళ్ళతో తగువున్న కేసులో నల్లవాళ్ళ సాక్ష్యం తీసుకోకూడదు. అదీ మీ శాసనసభ చేసిన చట్టమే. మీకు అన్నీ నోటికి వచ్చు గదా. అదీ వినిపించండి."

ఆల్ఫియస్ కు అదీ నోటికి వచ్చు. ఆ చట్టాన్ని తీసేయమని శాసనసభలో ఆయన లేచి వాదించాడు. ఓడిపోయాడు. జడ్జి అయిన రోజు, ఇష్టమున్నవీ లేనివీ అన్ని చట్టాలూ పాటిస్తానని ప్రమాణం చేశాడు. నిండు కోర్టులో ఆ ప్రమాణం తప్పితే శాసనసభ ఆయన్ని పదవి నుంచి దించేస్తుంది. బాగ్స్ కు కావలసిందీ అదే.

"టిల్మన్," అన్నాడు ఈనస్. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "నా ఓటు అడిగావు గదా. ఆవిడ చెప్పేది విన్నాక చెబుతాను."

"వినకూడదనే కదయ్యా చట్టం!"

"ఆ సంగతి జడ్జిగారు చెప్పాలి. నేను దున్నుకునేవాణ్ణి. నాకేం తెలుసు?"

అన్ని కళ్ళూ పీపా మీద కూర్చున్న మనిషి వైపు తిరిగాయి. చట్టంలో ఒక వాక్యం పట్టుకుని ఆయన ఈ కోర్టు తెరిచాడు. ఇంకో వాక్యం ఈవిడ నోరు మూయమంటోంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆయన లేచి నిలబడ్డాడు.

"పెటిఫోర్డ్ గారూ, పైకి రండి," అన్నాడు.

ఆ కౌంటీలో ఒక నల్లజాతి స్త్రీని ఎవరూ అలా పిలిచి ఎరగరు. కెజయా కూడా ఒక క్షణం ఆగి, తర్వాత మెట్టెక్కింది.

"సాక్షిచేత ప్రమాణం చేయించాలి. బైబిల్ ఎవరి దగ్గరుంది?"

బాగ్స్ దిగ్గున లేచాడు. "విన్నారా? అందరూ విన్నారు గదా! ఆల్ఫియస్ కట్రైట్ ఈ రోజు తన కుర్చీ తనే తగలబెట్టుకున్నాడు!"

"ఇది కుర్చీ కాదు టిల్మన్, పీపా," అన్నాడు ఆల్ఫియస్. "తగలబడితే తగలబడనీ. బైబిల్ ఎవరి దగ్గరుందని అడిగాను."

కోర్టు బైబిల్ తాళం వెనక ఉంది. ఆ గుంపులో బైబిల్ లేని ఇల్లు లేదు. ముందు వరసలో నిలబడ్డ పాస్టరు కోటు జేబు పుస్తకం బరువుకు కిందికి వేలాడుతూనే ఉంది. ఆయన నది వైపు చూస్తున్నాడు. ఎవరూ కదలలేదు.

"మా ఇంట్లో ఉంది," అన్నాడు జిమ్రీ నాన్స్. "మా ఓరిన్ ఆఖరున చేత్తో పట్టుకున్నది. తెస్తాను."

ఆయన మెట్లు దిగాడు. జనం దారి ఇచ్చారు. ఈలోగా మెట్లు దిగి వెళ్ళిన లమ్ హార్గిస్ వీధి మొదట్లో తన గుర్రం జీనుకు వేలాడే తుపాకీ అందుకుని, రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"ఇంకొక్క అడుగు వేశావంటే ఊరుకోను ముసలాడా."

జిమ్రీ ఆ తుపాకీ వంక ఒకసారి, లమ్ ముఖం వంక ఒకసారి చూశాడు. తర్వాత అడుగు వేశాడు.